పోతురాజు నిలబడ్డ రోజు

పెడనలో మొదటి బల్ల అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. కలంకారీ షెడ్డులో ఎన్ని బల్లలున్నా, మొదటి బల్ల దగ్గర నిలబడ్డవాడే గుడ్డ మీద నల్లగీత అచ్చు వేస్తాడు. ఆ గీత పడ్డాకే మిగతావాళ్ళు ఎరుపూ పసుపూ నింపుతారు. గీత వంకరపోయిందా, ఆ నెమలి ఇక బాతే. వెనకాల పదిమంది కలిసి ఎన్ని రంగులు అద్దినా దాన్ని మళ్ళీ నెమలిని చెయ్యలేరు.

ఆ బల్ల దగ్గర ముప్ఫై నాలుగేళ్ళుగా నిలబడుతున్నవాడు పోతురాజు. పొద్దున ఎనిమిదింటికి చెక్కదిమ్మ చేత పట్టుకుంటే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే కింద పెడతాడు. దిమ్మని రంగులో అద్దడం, గుడ్డ మీద ఆనించడం, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దడం, పక్కకి జరగడం. అన్నానికి తప్ప కూచోడు. అతని వయసు అరవై ఒకటని రేషన్ కార్డు చెబుతుంది. అతను మాత్రం యాభై ఆరు దగ్గరే ఆగిపోయాడు.

ఆ ఏడాది, అంటే రెండువేల ఆరు మే నెలలో, ముంబై పార్టీకి పంపాల్సిన నాలుగు వేల దుప్పట్లూ గడువుకి రెండు రోజుల ముందే లారీ ఎక్కాయి. షెడ్డు యజమాని రాజకుమార్‌కి పట్టరాని సంతోషం కలిగింది. బందరు కాలేజీలో బీకాం చదివి, తండ్రి పోయాక షెడ్డు చేతికి తీసుకున్న కుర్రాడు. శుక్రవారం సాయంత్రం అందరినీ పిలిచి, "ఆదివారం బస్సు మాట్లాడాను. బెజవాడ అవతల కొత్తగా వాటర్ పార్కు పెట్టారు. అందరం వెళ్దాం. ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురండి," అన్నాడు. ఈలలు పడ్డాయి. ఉతుకుడు పని చూసే కనకరత్నం అయితే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఆ హుషారులోనే అతను రెండో మాట కూడా అనేశాడు.

"పోతురాజు బాబాయ్, సోమవారం నుంచి మొదటి బల్ల అయ్యప్ప చూస్తాడు. నువ్వు దిమ్మల గదిలో కూచుని, ఏ దిమ్మ అరిగిందో, ఏది బాగుచేయించాలో చూస్తూ ఉండు. నిలబడే పని ఇంక నీకెందుకు?"

రెండో బల్ల మీద ఎరుపు అద్దే అయ్యప్ప తల గోక్కున్నాడు. పోతురాజు, "అట్లాగేనండీ అబ్బాయిగారూ," అని దిమ్మని నీళ్ళలో కడిగి, తుడిచి, గూట్లో పెట్టి ఇంటికొచ్చాడు.

ఇంటి దగ్గర అన్నం కలుపుతూ భార్య మంగమ్మతో అన్నాడు. "దిమ్మల గది అంటే ఏంటో తెలుసా నీకు? అరిగిపోయినవన్నీ పడేసే గది."

"పోనీలేవయ్యా. కాళ్ళకి సుఖం."

"నా కాళ్ళకి సుఖం కావాలని ఎవరడిగారు? ఎల్లుండి పార్కులో తేలుద్దిలే, ఎవరి కాళ్ళలో ఎంత సత్తా ఉందో. గేటు లోపల కాలు పెట్టిన దగ్గర్నించి మళ్ళీ బస్సెక్కేదాకా నేను కూచోను. ఆ కుర్రాడు కళ్ళారా చూడాలి. చూసి, సోమవారం నా బల్ల నాకివ్వాలి."

మంగమ్మ అతని మొహంలోకి ఓసారి, మోకాళ్ళ వైపు ఓసారి చూసింది. ఆ మోకాళ్ళకి పదేళ్ళుగా ఆముదం రాస్తున్నది ఆవిడే.

ఆదివారం తెల్లవారుజామున బయల్దేరిన బస్సు గుడివాడలో టిఫినుకి ఆగి, పదింటికల్లా పార్కు గేటు ముందు నిలబడింది. లోపల ఎక్కడ చూసినా నీళ్ళే. కొండంత ఎత్తునించి జారుడు గొట్టాలు, గిరగిరా తిరిగే గిన్నెలు, చెవులు పగిలేట్టు పాటలు. నీళ్ళలో దిగాలంటే నైలాను బట్టలు వేసుకోవాలన్నారు. పోతురాజు మోకాళ్ళ దాకా ఉన్న నిక్కరు, పువ్వుల చొక్కా వేసుకుని బయటికొస్తే మంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఏవే, ఏవయింది?"

"ఏం లేదయ్యా. మన పెళ్ళయిన నలభై ఏళ్ళకి నువ్వు స్కూలుకెళ్తున్నావనిపించింది."

పోతురాజు ఆ మాట పట్టించుకోలేదు. చొక్కా అంచు పట్టుకుని పరీక్షగా చూస్తున్నాడు. "చూడు, పువ్వుకీ పువ్వుకీ మధ్య అతుకు ఎట్లా కనపడుతోందో. మిషన్ మీద వేసినా కళ్ళు లేవు వెధవలకి."

మొదట తిరిగే గిన్నెల దగ్గరికి వెళ్ళారు. అక్కడే పోతురాజుకి మొదటి చిక్కొచ్చింది. పార్కులో ఏది ఎక్కాలన్నా కూచోవాల్సిందే! గిన్నెలో కూచోవాలి, రంగులరాట్నంలో కూచోవాలి, గొట్టంలో అయితే పడుకోవాలి. సరే, తను ఎక్కడు. మిగతావాళ్ళ చెప్పులు, సంచులు, కళ్ళజోళ్ళు, మంచినీళ్ళ సీసాలు మోస్తూ కింద నిలబడ్డాడు. ఎక్కి దిగేవాళ్ళకి ఒక్కో ఆటా మూడు నిమిషాలు. దాని ముందు వరసలో నిలబడేది అరగంట. ఆ అరగంటా అతను వాళ్ళతో నిలబడ్డాడు, వాళ్ళు ఆడే మూడు నిమిషాలూ ఒంటరిగా నిలబడ్డాడు. అంటే అందరికంటే ఎక్కువే నిలబడ్డాడు. రాజకుమార్ ఎటు చూస్తే అటు వెళ్ళి మరీ నిలబడ్డాడు.

గిన్నెల్లోంచి దిగిన అయ్యప్ప నాలుగడుగులు వేసి, గడ్డి మీద వెల్లకిలా పడ్డాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు, గేదె దూడని భుజాన వేసుకోగలడు. కళ్ళు తేలేశాడు.

"మావయ్యా, భూమి ఇంకా తిరుగుతోంది."

"తిరిగితే తిరగనీరా. లేచి నిలబడు, ఆగుద్ది."

"నావల్ల కాదు. ఇడ్లీలు గొంతులోకొచ్చాయి."

"అబ్బాయిగారూ!" పోతురాజు గొంతు పెంచాడు. "మొదటి బల్ల పడిపోయిందండీ ఇక్కడ. కాస్త నీళ్ళు పంపిస్తారా?"

రాజకుమార్ నవ్వాడు. అతను కూడా స్తంభం పట్టుకుని ఉన్నాడు.

మంగమ్మ సంగతి వేరు. మొదట్లో "నేనెక్కను, నా వయసేంటి" అన్న మనిషి, కనకరత్నం చెయ్యిపట్టి లాగితే పెద్ద గొట్టం ఎక్కింది. పైనించి కేక వినపడింది. అది భయమో ఆనందమో కింద నిలబడ్డ మొగుడికి అర్థం కాలేదు. నీళ్ళలో దబ్బున పడి, జుట్టంతా మొహం మీదకొచ్చి, లేచి నిలబడి, "ఇంకోసారి!" అంది. అట్లా నాలుగుసార్లు ఎక్కింది. నాలుగోసారి దిగాక మొగుడి దగ్గరికొచ్చి రొప్పుతూ, "ఏవయ్యా, ఒక్కసారి ఎక్కవయ్యా. జన్మలో ఇంత హాయి ఎరగను," అంది.

"కూచోవాలిగా."

"పడుకుంటే పోయె!"

"అది ఇంకా లోకువ."

మధ్యాహ్నం ఒంటిగంటకి ఎండ మాడుస్తోంది. నేల మీద పరిచిన బండలు పెనంలా కాలుతున్నాయి. భోజనాల దగ్గర అందరూ కుర్చీల్లో కూలబడితే పోతురాజు ప్లేటు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. పెరుగన్నం తింటుంటే కుడి మోకాలు దానంతటదే వణకడం మొదలెట్టింది. ఎడమ కాలి మీదకి బరువు మార్చాడు. అది కూడా ఒప్పుకోలేదు. షెడ్డులో పదిగంటలు నిలబడ్డా ఇట్లా ఎప్పుడూ కాలేదు. ఇక్కడేమిటో కాళ్ళు 'మేం నీవి కాము' అంటున్నాయి. నీళ్ళలో కలిపిన మందు ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. పాటల హోరుకి తల దిమ్మెక్కింది.

మంగమ్మ మెల్లగా పక్కకి చేరి, "ఆ కుర్రాడు అటు తిరిగి ఉన్నాడు. రెండు నిమిషాలు ఆనుకో," అంది.

"ఎవరూ చూడట్లేదని కూచుంటే ఇంక పంతమేంటే?"

"నీ పంతం చల్లగుండ. రాత్రికి ఆముదం సీసా మొత్తం పట్టుద్ది."

మూడింటికి వాన డాన్సు అన్నారు. పైనించి నీళ్ళు జల్లు పడుతుంటే కింద గెంతడం. ఇది నిలబడే ఆటే గనక పోతురాజు ప్రాణం లేచొచ్చి, సంచులన్నీ మంగమ్మ మెడలో వేసి వెళ్ళాడు. చేతులు రెండూ పైకెత్తి, చిన్నప్పుడు పైడమ్మ జాతరలో వేసిన గెంతులన్నీ వేశాడు. కుర్రాళ్ళు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. రాజకుమార్ కూడా వచ్చి రెండు గెంతులు వేశాడు. మూడో గెంతుకి నడుం పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. పోతురాజు మాత్రం పాట అయిపోయేదాకా ఆడాడు. అయిపోయాక తెలిసింది, ఆడకుండా ఉండాల్సిందని. కాళ్ళు చెరువులో నానేసిన జనపకట్టల్లా అయిపోయాయి. ఒక్కో కాలూ పైకెత్తి ముందుకి పెట్టాలంటే ముందు దానికి నచ్చచెప్పాల్సి వస్తోంది.

నాలుగింటికి చివరి ఆట. పార్కు చుట్టూ గుండ్రంగా ఓ కాలవ తవ్వారు. నడుం లోతు నీళ్ళు. ఎక్కడో మోటారు పెట్టి నీటిని పారిస్తున్నారు. గాలి నింపిన ట్యూబుల్లో కూచుంటే చాలు, కాలవే మెల్లగా ఓ చుట్టు తిప్పి తెస్తుంది. అలిసిపోయినవాళ్ళకోసమే పెట్టిన ఆట. పేరే బద్ధకపు నది అని అయ్యప్ప చదివి చెప్పాడు.

గట్టు మీద నిలబడి పోతురాజు ఆ నీళ్ళవైపు చూశాడు. పొద్దుటినించీ చూసినవాటిలో తనకి తెలిసినది ఇదొక్కటే. పారే నీళ్ళు. పెడనలో అద్దిన గుడ్డని ఆగిన నీళ్ళలో ఉతకరు. వదిలిన రంగు మళ్ళీ గుడ్డకే అంటుకుంటుంది. పారే కాలవలో దిగి, నీళ్ళొచ్చే వైపుకి నడుస్తూ గుడ్డని వెనకాల లాగుతారు. వదిలిన రంగంతా కిందికి పోతుంది. పసితనంలో తల్లి కొంగు పట్టుకుని కాలవలోకి దిగినప్పటినించీ ఆ ఊరివాళ్ళ కాళ్ళకి అదే అలవాటు.

"నేను ట్యూబు ఎక్కను. నడుస్తా," అని పోతురాజు కాలవలోకి దిగాడు. దిగి, ఆలోచన అనేదే లేకుండా, నీళ్ళొచ్చే వైపుకి తిరిగి నడవసాగాడు.

అతని వెనకే కనకరత్నం దిగింది. ఆవిడా అటే తిరిగింది. భుజం మీది తువ్వాలు తీసి నీళ్ళలో పరిచి లాక్కుంటూ నడిచింది. ఆవిడ వెనక అయ్యప్ప, మంగమ్మ, ఇంకో పదిమంది. పెడన వాళ్ళంతా వరసగా ఎదురు నడుస్తుంటే, ముందునించి ట్యూబుల్లో తేలుతూ వస్తున్న జనం వచ్చి వాళ్ళని గుద్దుకుంటున్నారు.

"ఏవండీ, ఇటు కాదండీ! అటు వెళ్ళాలి!" ఓ లావుపాటాయన అరిచాడు.

"మీరే తప్పొస్తున్నారండీ," అంది కనకరత్నం. "మురికంతా మా మీదకి తెస్తున్నారు."

గట్టు మీద కాపలా కుర్రాడు విజిల్ ఊది ఊది అలిసిపోయి, చేతులెత్తేశాడు. అప్పటికి గానీ తాము చేస్తున్నది ఏమిటో వీళ్ళకి తెలిసిరాలేదు. ముందు మంగమ్మకి నవ్వొచ్చింది. తర్వాత అందరికీ. నవ్వుతుంటే కాళ్ళు నిలవ్వు కదా. ఒక్కొక్కళ్ళూ దొరికిన ట్యూబులో పడిపోయి, నీటితో పాటు వెళ్ళిపోయారు.

పోతురాజు ఒక్కడే మిగిలాడు. వెనక్కి తిరగొచ్చు. కానీ తిరిగితే ఓడినట్టనిపించింది. ఎదురే నడిచాడు. ఓ చుట్టు తిరిగొచ్చేసరికి అయ్యప్ప ట్యూబులో కాళ్ళు చాపుకుని ఎదురొచ్చాడు.

"మావయ్యా, బాగున్నావా?"

"బాగానే ఉన్నాలే, పో."

రెండో చుట్టు సగం నడిచేసరికి మళ్ళీ వచ్చాడు. "మావయ్యా, మళ్ళీ నేనే!"

"చూశాలేరా."

ఇంకో పది గజాలు నడిచేసరికి మళ్ళీ వాడే. అంటే తను పది గజాలు నడిచేలోపు వాడు చుట్టంతా తిరిగొచ్చాడన్నమాట. "మావయ్యా, ఇంటికి ఏవన్నా కబురు చెప్పాలా?"

"నీ బొంద చెప్పు!" అని పోతురాజు వాడు వెళ్తున్న వైపుకి గిరుక్కున తిరిగాడు. సరిగ్గా అప్పుడే వెనకనించి ఖాళీ ట్యూబొకటి వచ్చి తొడల వెనక తగిలింది. కాళ్ళు మడుచుకుపోయాయి. పోతురాజు ట్యూబులో కూచున్నాడు.

లేవాలనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ నీళ్ళు వీపుకింద చల్లగా తగిలాయి, కాళ్ళు రెండూ తేలిపోయాయి, పొద్దుటినించీ మోకాళ్ళలో దిగి ఉన్న మేకులు ఒక్కొక్కటే ఊడి నీళ్ళలో పడిపోతున్నట్టనిపించింది. "అబ్బా..." అన్నాడు. ఆ మాట అతని కడుపులోంచి వచ్చింది.

"బాబాయ్, కూచున్నావా?"

ఉలిక్కిపడి చూస్తే పక్క ట్యూబులో రాజకుమార్. ఎర్రగా కందిపోయిన మొహం, మూతబడుతున్న కళ్ళు. వెల్లకిలా పడి ఉన్నాడు.

అయిపోయింది అనుకున్నాడు పోతురాజు. ఆరు గంటల తపస్సు, ఒక్క ట్యూబుతో మంటగలిసింది. "కూచోలేదండీ. ఇదొచ్చి కూచోబెట్టింది. పొద్దుటినించీ నిలబడే ఉన్నానండీ. మీరు చూడలేదా?"

"చూశాను బాబాయ్. భోజనాల దగ్గరే అనుమానమొచ్చింది, ఏదో పంతం పట్టావని. నా కోసమేగా?"

ట్యూబులు రెండూ ఆనుకుని మెల్లగా సాగుతున్నాయి.

"నీకో మాట చెప్పనా? ఎవరికీ చెప్పకు," అన్నాడు రాజకుమార్. "గురువారం మీరంతా వెళ్ళిపోయాక నీ బల్ల దగ్గర నిలబడి చూశాను. యజమాని అన్నాక పని తెలియాలి కదా అని. గంటన్నర అచ్చు వేశాను. తెల్లారి బండి కిక్కు కొట్టలేకపోయాను. నడుం, పిక్కలు, ఒకటే సలుపు. గంటన్నరకే ఇట్లా ఉంటే ఈ మనిషి ముప్ఫై నాలుగేళ్ళు ఎట్లా నిలబడ్డాడురా, ఇంక చాలు అనిపించింది. అందుకే అన్నాను."

"ఆ మాటే షెడ్డులో అనుంటే సరిపోయేదిగదండీ. పదిమందిలో పనికిరానట్టు..."

"గంటన్నరకే కూలబడ్డానని పదిమందిలో ఎట్లా చెప్పను బాబాయ్? సిగ్గెయ్యదూ?"

పోతురాజు అతన్ని చూశాడు. వారం రోజులకి సరిపడా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి నవ్వొచ్చేసింది.

"రెండు కాళ్ళ మీదా నిలబడి ఉంటారు మీరు."

"మరి? ఎన్ని కాళ్ళ మీద నిలబడతారు?"

"బల్ల కింద ఇటుక ముక్క ఉంటదండీ, వంగి చూడలేదు మీరు. ఓ కాలు దాని మీద పెట్టాలి. గజం గుడ్డ అయ్యాక కాలు మార్చాలి. మీ నాన్నగారికి తెలుసు. ఆ ముక్క లేకపోతే ఎవడూ నిలబడలేడు."

"అదా సంగతి! మరి ఇవాళ?"

"ఇవాళ పొద్దుటినించీ వెతుకుతూనే ఉన్నానండీ. ఇంత పెద్ద పార్కులో ఒక్క ఇటుక ముక్క లేదు!"

రాజకుమార్ నవ్వుకి ట్యూబు ఊగి కాసిని నీళ్ళు అతని నోట్లోకే వెళ్ళాయి. దగ్గి, తేరుకుని, "సరే, ఏం చేద్దామంటావు?" అన్నాడు.

బేరం మొదలైంది. మొదటి చుట్టులో పోతురాజు రోజంతా నిలబడతానన్నాడు, రాజకుమార్ అసలు వద్దన్నాడు. రెండో చుట్టులో పోతురాజు వారానికి మూడు పూటలు వదులుకుంటానన్నాడు, రాజకుమార్ రెండు పూటలు ఇస్తానన్నాడు. మంగమ్మ ట్యూబు వచ్చి మధ్యలో దూరి, "అబ్బాయిగారూ, పొద్దున పూట ఇవ్వండి చాలు. అన్నం తిన్నాక ఈయనకి ఎట్లాగూ కునుకొస్తది, అచ్చు వంకరపోద్ది," అని తేల్చేసి వెళ్ళిపోయింది.

"అంతేగా బాబాయ్? మధ్యాహ్నం దాకా మొదటి బల్ల నీదే. తర్వాత అయ్యప్ప నిలబడతాడు. నువ్వు పక్కనే ఎత్తుపీట వేసుకుని కూచో."

"దిమ్మల గదిలో కాదుగా?"

"కాదు. బల్ల పక్కనే."

"కూచుని ఏం చెయ్యమంటారు?"

"నువ్వే చెప్పు."

పోతురాజు ఆలోచించాడు. అవతల ట్యూబులో నోరు తెరుచుకుని నిద్రపోతున్న అయ్యప్ప వైపు చూశాడు. "తిడతానండీ," అన్నాడు. "గీత వంకరపోయినప్పుడల్లా తిడతా. దానికి నిలబడక్కర్లేదుగా."

"ఖాయం," అన్నాడు రాజకుమార్. చెయ్యి చాపాడు గానీ ఎత్తలేక నీళ్ళలోనే వదిలేశాడు. పోతురాజు కూడా అందుకోలేక, అట్లాగే రెండు వేళ్ళు ఆడించాడు.

అయిదున్నరకి కాపలా కుర్రాడు విజిల్ ఊదాడు. "టైమైపోయిందండీ, అందరూ గట్టెక్కండి!" ఎక్కేవాళ్ళు ఎక్కారు. కనకరత్నం తువ్వాలు పిండుకుంది. రాజకుమార్‌ని ఇద్దరు పట్టి లేపారు. పోతురాజు కదల్లేదు. తల వెనక్కి వాలిపోయింది, నోరు కాస్త తెరుచుకుంది, గురక మెల్లగా నీళ్ళ మీద తేలుతోంది.

కుర్రాడు నీళ్ళలోకి దిగబోతే గట్టు మీద కూచుని జడ పిండుకుంటున్న మంగమ్మ చెయ్యి అడ్డంపెట్టింది.

"నీకు దణ్ణం పెడతా బాబూ, లేపకు. మోటారు ఇంకా ఆపలేదుగా? ఇంకొక్క చుట్టు తిరిగి రానీ."